119 పేర్లకు ఒక సవరణ

ఎల్ మెర్కురియో దినపత్రిక సంపాదకులు గారికి,
శాంటియాగో, చిలీ.

అయ్యా,

2027లో మీ పత్రిక పుట్టి రెండు వందల ఏళ్లవుతుంది. వల్పరైసో రేవులో 1827లో మొదలై, 1900 నుంచి శాంటియాగోలోనూ అచ్చవుతూ, స్పానిష్ భాషలో ఆగకుండా వస్తున్న పత్రికలన్నిటిలోకీ పాతదిగా పేరు తెచ్చుకుంది. ఇలాంటి సందర్భాల్లో పత్రికలు ఏం చేస్తాయో నాకు తెలుసు. నేనూ ఒక తెలుగు దినపత్రిక డెస్కులో జీతం తీసుకున్నవాణ్ణే. లావుపాటి ప్రత్యేక సంచిక వేస్తారు. భూకంపాలు, ఎన్నికలు, చంద్రుడి మీద మనిషి, నెరూడాకు నోబెల్ బహుమతి, ఇలా పాత పేజీల ఫొటోలు వరసగా పెడతారు. ప్రకటనలు కూడా బాగానే వస్తాయి. ఆ సంచికలో 1975 జూలై 23 నాటి వార్తను కూడా వేయమనీ, దాని పక్కనే సవరణ వేయమనీ అడగడానికే ఈ ఉత్తరం.

మీకు తెలియని సంగతేదీ ఇందులో లేదు. కానీ ఈ ఉత్తరం మీకంటే ముందు తెలుగువాళ్ల చేతిలో పడుతుంది కాబట్టి వాళ్ల కోసం మొదటినుంచీ చెప్పుకురావాలి. మాకు చిలీ అంటే ముందు కవి నెరూడా, తర్వాత అధ్యక్షుడు అలెండి. 1973 సెప్టెంబరు 11న అధ్యక్ష భవనం మీద సొంత సైన్యమే బాంబులు వేసిందనీ, అలెండి అక్కడే చనిపోయాడనీ, పన్నెండు రోజులకు నెరూడా కూడా కన్నుమూశాడనీ చాలామందికి తెలుసు. ఆ తర్వాత గద్దెనెక్కిన జనరల్ పినోచెట్ పేరూ తెలుసు. ఆ తర్వాతి ఏళ్లలో చంపినవాళ్ల శవాలను ఏం చేశారో, ఆ శవాల గురించి ఏం చెప్పారో మాత్రం అంతగా తెలియదు.

మొదటి నెలల్లో చంపడం బాహాటంగానే సాగింది. అక్టోబరులో జనరల్ సెర్హియో అరెయానో స్టార్క్ హెలికాప్టరులో ఊరూరా దిగితే, అప్పటికే జైళ్లలో ఉన్నవాళ్లను బయటికి తీసి కాల్చేశారు. చిలీ చరిత్రలో దానికి మృత్యు యాత్ర అని పేరు. ఇతరచోట్ల కూడా, పారిపోబోతుంటే కాల్చామని సైనిక ప్రకటనలు వచ్చేవి. ఆ వాక్యాన్ని తెలుగు పాఠకులకు వేరే వివరించనక్కర్లేదు. అయితే శవం ఉంటే చిక్కే. గుండు ముందునుంచి తగిలిందా వెనకనుంచా అని ఎవరో ఒకరు చూస్తారు. ఒంటి మీద వాతలు తల్లి కంట పడతాయి. 1974 జూన్‌లో ఒక శాసనంతో అధికారికంగా ఏర్పాటైన రహస్య పోలీసు సంస్థ దినా, మాన్యుయెల్ కాంట్రెరాస్ అనే కర్నల్ చేతి కింద, ఆ చిక్కు లేకుండా చేసింది. మనిషిని పట్టుకుపోవడం, ఆ మనిషి ఎన్నడూ తమ దగ్గర లేడనడం. అంతే పద్ధతి.

శాంటియాగో నడిబొడ్డున లోండ్రెస్ వీధిలో 38వ నంబరు ఇల్లు ఇందుకు వాడిన తొలి చోట్లలో ఒకటి. అంతకుముందు అది సోషలిస్టు పార్టీ కార్యాలయం. కళ్లకు గంతలు కట్టి కూర్చోబెట్టినవాళ్లు ఆ గంత కింది సందులోంచి నలుపు తెలుపు గళ్ల నేలను చూశారు. దగ్గర్లోని శాన్ ఫ్రాన్సిస్కో చర్చి గంటలు విన్నారు. బతికి బయటపడ్డవాళ్లు ఆ గళ్లనూ ఆ గంటలనూ బట్టే ఇంటిని గుర్తుపట్టారు. అప్పుడు పాలకులు ఏం చేశారు? ఇంటి నంబరు మార్చారు. 38 తీసేసి 40 పెట్టారు. ఫిర్యాదు కాగితంలో ఉన్నది 38, వీధిలో చూస్తే 38 అనే ఇల్లే లేదు. నేను చదివిన అధికారిక అబద్ధాల్లో ఇంత తక్కువ ఖర్చుతో అయినది మరొకటి లేదు.

1974 మే నుంచి 1975 ఫిబ్రవరి దాకా ఇలా ఎత్తుకుపోయినవాళ్లలో ఒక 119 మంది మన విషయం. వందమంది మగవాళ్లు, పంతొమ్మిది మంది ఆడవాళ్లు. ఎక్కువమంది మీర్ అనే విప్లవ వామపక్ష సంస్థలో పనిచేసిన యువతీ యువకులు, కొందరు సోషలిస్టులు, కొందరు కమ్యూనిస్టులు. వాళ్లను చీకట్లో ఎవరూ చూడకుండా తీసుకుపోలేదు. ఇంట్లోంచి, నడివీధిలోంచి, తల్లుల ముందు, భార్యల ముందు పట్టుకుపోయారు. చర్చిలు కలిసి పెట్టిన శాంతి కమిటీ సాయంతో ఇళ్లవాళ్లు కోర్టుల్లో హెబియస్ కార్పస్ పిటిషన్లు వేశారు. కోర్టు హోం మంత్రిత్వ శాఖను అడిగేది, మంత్రిత్వ శాఖ అలాంటివాళ్లెవరూ మా దగ్గర లేరనేది, కోర్టు పిటిషన్ కొట్టేసేది. ఆ కాలంలో వేలకు వేలు పిటిషన్లు పడితే న్యాయమూర్తులు ఒప్పుకున్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అయినా ఆ కాగితాలు ఊరికే పోలేదు. పేర్లు, తేదీలు, పట్టుకుపోయిన చోటు, చూసినవాళ్లు, అన్నీ నమోదయ్యాయి. అవి జెనీవా దాకా వెళ్లాయి. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిషన్ బృందం ఒకటి స్వయంగా చూసిపోవడానికి సిద్ధమైంది. ముందు సరేనన్న పినోచెట్ 1975 జూలై 4న రావద్దన్నాడు. రావద్దనగానే ప్రశ్న ఇంకా పెద్దదయింది. వాళ్లంతా ఎక్కడ?

జవాబు పొరుగు దేశాల నుంచి వచ్చింది, అచ్చయి వచ్చింది. బ్రెజిల్‌లోని కురితీబాలో ఓ దియా అనే పత్రిక జూన్ 25 నాటి సంచికలో 59 మంది చిలీవాళ్ల పేర్లు వేసింది. వాళ్లు అర్జెంటీనాలో భద్రతా దళాలతో పోరాడి చచ్చిపోయారట. బ్యూనస్ అయిరెస్‌లో లెయా అనే పత్రిక జూలై 15న మరో 60 పేర్లు వేసింది. వీళ్లను సొంత సంస్థవాళ్లే చంపుకున్నారట, అదీ అర్జెంటీనా మొదలు మెక్సికో, ఫ్రాన్స్ దాకా ఆరు దేశాల్లో. లెయా ఆ ఒక్క సంచికతోనే ఆగిపోయింది. దానికి బాధ్యుడైన సంపాదకుడంటూ లేడు. యాభై తొమ్మిదీ అరవై కలిపితే 119. ఒక్క పేరూ రెండు జాబితాల్లోకీ రాలేదు.

ఇక మీ వంతు. జూలై 23న మీ పత్రిక హత్యకు గురైన 60 మంది మీర్ సభ్యుల్ని గుర్తించినట్టు శీర్షిక పెట్టింది. ఎవరు గుర్తించారు? ఎక్కడ? శవం ఏది? శీర్షికకు అవేమీ పట్టలేదు. మర్నాడు సాయంత్రం మీ సంస్థ పత్రికే అయిన ల సెగుండా, ఎలుకల్ని నిర్మూలించినట్టు నిర్మూలించారని పతాక శీర్షిక పెట్టింది. మీ సంస్థదే అయిన లాస్ ఉల్తిమాస్ నోతిసియాస్, మీ పోటీ పత్రిక ల తెర్సెరా కూడా వెనకబడలేదు. జూలై 25న మీ సంపాదకీయం వచ్చింది. వీళ్లేమయ్యారని అడుగుతూ చిలీ ప్రభుత్వాన్ని నిందించిన విదేశీ రాజకీయ నాయకులకూ విలేకరులకూ ఇప్పుడు జవాబు దొరికిందని, వాళ్లు ఒప్పుకోవడానికి ఇష్టపడని జవాబు ఇదేనని దాని సారాంశం.

డెస్కు మీద కూర్చున్న మనిషిగా నన్ను తొలిచేది ఈ సంపాదకీయమే. శీర్షిక రాత్రి హడావిడిలో పడిందనుకోవచ్చు. సంపాదకీయం అలా పడదు. ఎవరో కూర్చుని ఆలోచించి, రాసి, చదువుకుని, దిద్దుకుని పంపుతారు. ఆ మధ్య రెండు రోజుల్లో ఎవరైనా ఒక సబ్ ఎడిటర్ లెయా ఆఫీసుకు ఫోన్ చేసి ఉంటే చాలు. అదీ వద్దు, మీ కోర్టు విలేకరి శాంటియాగో అప్పీలు కోర్టు రిజిస్టరు తెరిచి చూసినా సరిపోయేది. విదేశాల్లో చచ్చిపోయారంటున్న మనుషుల కోసం మీ ఊరి కోర్టులోనే, నెలల కిందటే, పట్టుకుపోయిన తేదీతో సహా పిటిషన్లు పడి ఉన్నాయి. ఫలానా రోజున శాంటియాగోలో సైనికులు ఎక్కించుకుపోయిన మనిషి అర్జెంటీనా కొండల్లో తుపాకీతో ఎలా తేలాడన్నది మామూలు ప్రశ్న. చిన్న ఊరి కంట్రిబ్యూటర్ కూడా అడిగే ప్రశ్న.

జనం అడగనే అడిగారు. అంతకు కొద్ది రోజుల ముందు బ్యూనస్ అయిరెస్ దగ్గర పిలార్‌లో కాలిపోయిన రెండు శవాలు దొరికాయి. వాటి మీద మీర్ తానే చంపినట్టు రాసిన కాగితం, జేబుల్లో చిలీ గుర్తింపు కార్డులు. ఆ కార్డుల్లోని యువకుల బంధువులు అంత దూరమూ వెళ్లి చూశారు. తమవాళ్లు కాదన్నారు. ఒళ్లంతా కాలిపోతే గుర్తింపు కార్డు మాత్రం ఎలా మిగిలిందో అడగడానికి పత్రికా చదువు అవసరం లేదు కదా. పుచుంకవి నిర్బంధ శిబిరంలో ఉన్న ఖైదీలకు ఈ వార్త తెలిసినప్పుడు వాళ్లు నిరాహారదీక్షకు దిగారు. వాళ్ల కారణం సూటిగా ఉంది: జాబితాలోని మనుషుల్ని వాళ్లు దినా చెరసాలల్లో చూశారు. కొందరితో ఒకే గదిలో ఉన్నారు. ముళ్లకంచె లోపల ఉన్నవాళ్లకు తెలిసిన సంగతి కంచె బయట రోటరీ యంత్రాలున్నవాళ్లకు తెలియకుండా పోయింది.

సెన్సారు ఉండేది కదా, ప్రాణభయం కదా అని మీ తరఫున చాలామంది చెప్పారు. భయపడ్డవాణ్ణి నేను తప్పుపట్టను. భయం ఉంటే వార్తను లోపలి పేజీలో సింగిల్ కాలమ్‌లో వేస్తాం, లెయా పత్రిక పేర్కొన్నదాని ప్రకారం అని మొదలుపెడతాం, సంపాదకీయం వర్షాల మీద రాస్తాం. ఎలుకలనమని ఏ సైనికుడూ వచ్చి బల్ల పక్కన నిలబడి ఉండడు. పైగా మీ పత్రికది భయపడ్డవాళ్ల స్థానం కాదు. అలెండి ఎన్నికల్లో గెలవగానే 1970 సెప్టెంబరులో మీ యజమాని అగస్టిన్ ఎడ్వర్డ్స్ వాషింగ్టన్ వెళ్లి అమెరికా అధ్యక్షుడి సలహాదారు కిసింజర్‌ను కలిశాడు. 1971, 1972 సంవత్సరాల్లో మీ పత్రిక కోసం సీఐఏ ద్వారా మంజూరైన సొమ్ము 16 లక్షల 65 వేల డాలర్లు. ఇది మీ విరోధుల ఆరోపణ కాదు, అమెరికా సెనేట్ కమిటీ 1975 డిసెంబరులో అచ్చువేసిన లెక్క. ఆ లెక్క బయటికొచ్చింది మీరు 119 మంది వార్త వేసిన ఏడాదిలోనే.

చంపడం ఒకప్పుడు జరిగింది, కాదనడం తర్వాత మొదలైంది అని సాధారణంగా అనుకుంటాం. మీ దేశం విషయంలో అది తప్పు. కాదనడం హత్యలో భాగంగానే ప్లాను చేశారు, అందులో అచ్చుపని మీ ప్రెస్సుల్లో జరిగింది. తర్వాత వచ్చినవన్నీ దాని పునర్ముద్రణలే. 1975 నవంబరులో మీ దేశ ప్రతినిధి సెర్హియో దియెస్ ఐక్యరాజ్యసమితిలో నిలబడి, అదృశ్యమయ్యారంటున్న చాలామందికి చట్టరీత్యా ఉనికే లేదన్నాడు. పుట్టలేదన్నమాట. ఆయన తర్వాత చాలా కాలం సెనేటరుగా ఉన్నాడు. 1976 సెప్టెంబరులో మార్తా ఉగార్తె అనే నలభై రెండేళ్ల కమ్యూనిస్టు నాయకురాలి దేహం తీగతో కట్టి ఉండగా సముద్రం ఒడ్డుకు కొట్టుకొస్తే, మీ సంస్థ పత్రికలతో సహా అందరూ ఎవరో యువతి వ్యక్తిగత కారణాలతో హత్యకు గురైనట్టు రాశారు. హెలికాప్టరులోంచి సముద్రంలో పడేసినవాళ్లలో తిరిగొచ్చిన దేహం ఆమెది. మిగతావాళ్లకు రైలు పట్టా ముక్కలు కట్టారు. 2004లో న్యాయమూర్తి హువాన్ గుస్మాన్, కింతెరో అనే చోట సముద్రంలో గజ ఈతగాళ్లను దింపితే అలాంటి పట్టాలు దొరికాయి. ఒకదానికి చొక్కా గుండీ అతుక్కుని ఉంది.

1978 చివర్లో శాంటియాగోకు దగ్గర్లో లోంకెన్ అనే చోట పాత సున్నపు బట్టీల్లో 15 మంది రైతుకూలీల ఎముకలు బయటపడ్డాయి. అదృశ్యమైనవాళ్లు నిజంగానే ఉన్నారనీ చనిపోయారనీ మొదటిసారి చేతికందిన రుజువు అది. ఆ దెబ్బకు సైన్యం దేశమంతా రహస్య గోతులు తవ్వించి, ఉన్న శవాలను మళ్లీ తీసి, కాల్చో, సముద్రంలో వేసో మాయం చేసింది. ఆ పనికి టెలివిజన్ల తొలగింపు అని సంకేత నామం. నిందితులకు క్షమాభిక్ష చట్టం అప్పటికే, ఆ ఏప్రిల్‌లోనే, వచ్చేసింది. బట్టీల్ని 1980లో పేల్చేశారు.

ప్రజాస్వామ్యం వచ్చాక కూడా మాట మారలేదు, మర్యాద మారింది. 2001 జనవరిలో సైనిక దళాలు దాదాపు 200 మంది ఏమయ్యారో తామే చెబుతూ పత్రం ఇచ్చాయి. ఎక్కువమందిని సముద్రంలో పడేశారన్నాయి. సముద్రంలో పడేశారన్న ఒక కార్మిక నాయకుడి ఎముకలు కొద్ది నెలలకే ఒక సైనిక స్థావరంలో నేల తవ్వితే దొరికాయి. ఇక పినోచెట్. 119 మంది కేసులో విచారణ నుంచి రక్షణ కోల్పోయి 2005 నవంబరులో న్యాయమూర్తి ముందు కూర్చున్నప్పుడు, దినా మీద తనకున్న అధికారం గురించి అడిగితే, తనకు గుర్తులేదనీ, అయినా అది నిజం కాదనీ, ఒకవేళ నిజమైనా గుర్తులేదనీ చెప్పాడు. మరుసటి ఏడాది శిక్ష పడకుండానే పోయాడు. 2017లో ఒక న్యాయమూర్తి ఈ 119 మందిలో 16 మంది విషయంలో వందమందికి పైగా దినా మాజీ ఉద్యోగులకు శిక్షలు వేశాడు. తీర్పు వార్త మీ పత్రికలోనూ వచ్చే ఉంటుంది.

నీతులు చెప్పేంత దూరంలో నేను లేను. మీ ఆ శీర్షిక పడిన జూలై నెలలోనే, ఎమర్జెన్సీ పెట్టిన నెలరోజులకు, మా మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు విద్యార్థులు చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు. 1977లో పౌర హక్కులవాళ్ల తార్కుండే కమిటీ వచ్చి సాక్షుల్ని కలిసి, పట్టుకున్నాక కాల్చారని తేల్చింది. తర్వాత భార్గవ కమిషన్ వేశారు, దాని విచారణను ప్రభుత్వం మూసిన తలుపుల వెనక్కి నెట్టింది. మాది సైనిక పాలన కాదు, రెండిటినీ ఒకటే అనను. కానీ ప్రకటన రాసేవాడికీ దాన్ని అచ్చువేసేవాడికీ మధ్య ఒక ఫోన్ కాల్ దూరం ఎక్కడైనా ఒకటే. అందుకే మీ సంగతి మాకు పరాయిదిగా అనిపించదు.

2006లో మీ పాత్రికేయుల సంఘం నైతిక విచారణ మండలి, ఆ 119 మంది బంధువుల ఫిర్యాదు విని, ఆనాటి సంపాదకులను తప్పుబట్టింది. 2015లో అదే సంఘం అగస్టిన్ ఎడ్వర్డ్స్‌ను సభ్యత్వం నుంచి బహిష్కరించింది. రెండేళ్లకు ఆయన కూడా పోయాడు. ఆనాడు డెస్కులో ఉన్నవాళ్లలో ఇప్పుడు మీ దగ్గర ఎవరూ ఉండరు. వ్యక్తులతో నాకు పని లేదు. పత్రిక పేరు అదే, దాని మీద తేదీ, సంచిక సంఖ్య తెగకుండా వస్తున్నాయి. రెండు వందల ఏళ్ల ఘనత మీదంటే, ఆ రెండు వందల ఏళ్లలో ఆ మూడు రోజులూ మీవే.

2023లో మీ ప్రభుత్వం జాతీయ అన్వేషణ ప్రణాళిక మొదలుపెట్టింది. జాడ తెలియకుండా పోయిన 1,469 మందిలో అప్పటికి 307 మంది అవశేషాలే గుర్తించగలిగారు. మిగతావాళ్ల ఇళ్లల్లో ఇప్పటికీ సర్టిఫికెట్ లేదు, సమాధి లేదు. చాలామంది తల్లులు చూడకుండానే పోయారు. ఎముకలు మీరు తేలేరు. మీరు చేయగలిగింది చిన్న పని, మీరు మాత్రమే చేయగలిగింది. ఆ జాబితాను ఆనాడు ఎంత స్థలంలో వేశారో అంత స్థలంలో, అంత లావు అక్షరాల్లో మళ్లీ వేయండి. వీళ్లు విదేశాల్లో చనిపోయారని మేం రాసింది అబద్ధం, వీళ్లను చిలీ ప్రభుత్వం పట్టుకుంది అని ఒక్క వాక్యం పైన పెట్టండి. విచారిస్తున్నాం, చింతిస్తున్నాం లాంటివి అక్కర్లేదు. ఆనాటి పరిస్థితుల దృష్ట్యా అని మొదలుపెట్టకండి. సంపాదకీయాన్ని కూడా వదలకండి, దాని పక్కన ఆ రోజు సంపాదకీయం అని మాత్రం రాస్తే చాలు.

పేర్లు ఓ దియా, లెయా జాబితాల నుంచి తీసుకోకండి. ప్రతి పేరూ ఇంకోచోట సరిచూసుకోండి. శాంతి కమిటీని పినోచెట్ మూయించాక కార్డినల్ సిల్వా ఎన్రికెస్ 1976 జనవరిలో సంఘీభావ వికారియా అనే చర్చి సంస్థను పెట్టి ఆ కాగితాలన్నీ కాపాడాడు. ఎవరిని ఏ రోజు, ఏ చోట, ఎవరు చూస్తుండగా పట్టుకుపోయారో ఆ ఫైళ్లలో ఉంది. ఆ ఫైళ్ల భాండాగారం శాంటియాగోలోనే ఉంది. మీ విలేకరి ఒక పూటలో వెళ్లి రావచ్చు.

ఇట్లు,
ఒక తెలుగు పత్రికా రచయిత